విద్యుత్ పికప్ ట్రక్కుకు చలి తరుగు: లాభనష్టాలు తేలేది కరెంటు కొనే చోట

ధాన్యానికి తేమ తరుగు ఉన్నట్లే విద్యుత్తుతో నడిచే బండికి చలి తరుగు ఉన్నది. వేసవిలో 500 కిలోమీటర్లు నడిచే బండి, నీరు గడ్డకట్టే చలిలో 300 కిలోమీటర్లకే ఆగిపోవచ్చు. అమెరికా ఉత్తర రాష్ట్రాలలోను, కెనడాలోను విద్యుత్ పికప్ ట్రక్కు కొన్నవారికి, కొనదలచినవారికి ప్రతి చలికాలంలోను ఎదురయ్యే ప్రశ్న ఇదే: ఈ తరుగు పోగా ఇంకా గిట్టుబాటు అవుతుందా?

జమాఖర్చులు వేసి చూస్తే సమాధానం ఇలా తేలుతున్నది. ఇంటి దగ్గర, నివాస రేటుకు కరెంటు పట్టుకునే వానికి, తీవ్రమైన చలి నెలల్లో సైతం చాలా చోట్ల పెట్రోలు కంటే చవకే. దారి పక్కన ఉండే వేగపు చార్జింగ్ కేంద్రాల మీద ఆధారపడే వానికి మాత్రం పెట్రోలు ఖర్చుకు రెండింతలవుతుంది. చలి ఇద్దరికీ ఒక్కటే. తేడా కరెంటు కొన్న చోటులో ఉన్నది.

బండి, దాని కొట్టు

పికప్ ట్రక్కు అంటే ముందు నలుగురైదుగురు కూర్చునే క్యాబిన్, వెనుక సామాను వేసుకునే తొట్టి ఉన్న బండి. ఉత్తర అమెరికాలో రైతులు, మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్ల దగ్గర నుంచి సామాన్య గృహస్థుల వరకు దీనిని వాడుతారు. ఫోర్డ్ కంపెనీ వారి ఎఫ్-శ్రేణి పికప్‌లు 2024లో ఒక్క అమెరికాలోనే 7 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ శ్రేణిలోని విద్యుత్ బండి ఎఫ్-150 లైట్నింగ్. దీని తయారీ మిషిగన్ రాష్ట్రంలోని డియర్‌బోర్న్‌లో 2022 ఏప్రిల్‌లో మొదలయింది. 2024లో 33,510 బండ్లు అమ్మారు. రివియన్, టెస్లా, షెవ్రొలే కంపెనీల విద్యుత్ పికప్‌లు కూడ బజారులోకి వచ్చాయి.

లైట్నింగ్‌లో పెద్ద బ్యాటరీకి 131 యూనిట్ల కరెంటు పడుతుంది. ఇది మన ఇంటి మీటరు మీద తిరిగే యూనిట్టే. దీనితో దాదాపు 515 కిలోమీటర్లు నడవవచ్చునని అమెరికా ప్రభుత్వపు లెక్క. ఈ 131 యూనిట్లను పెట్రోలులో ఉండే శక్తితో పోల్చి చూస్తే, సుమారు 15 లీటర్ల పెట్రోలుకు సమానం. అదే కంపెనీ పెట్రోలు పికప్ టాంకులో 80 లీటర్లకు పైగా పడుతుంది. అంటే విద్యుత్ బండి చాలా చిన్న కొట్టుతో పెద్ద వ్యాపారం చేస్తున్నదన్నమాట. మోటారు తనకందిన కరెంటులో నూటికి 90 వంతుల వరకు చక్రాలకు చేరవేస్తుంది గనుక ఇది సాధ్యమవుతున్నది. పెట్రోలు ఇంజను దాదాపు మూడింట రెండు వంతులో, అంతకు మించో శక్తిని వేడిగా వదిలేస్తుంది.

చలికాలంలో లెక్క తిరగబడేది ఇక్కడే. పెట్రోలు బండిలో వృథా అయ్యే వేడిలో కొంత క్యాబిన్‌లోకి మళ్ళిస్తే మనుషులు వెచ్చగా కూర్చుంటారు. దానికి వేరే ఖర్చు లేదు. విద్యుత్ బండిలో వృథా వేడి బహు తక్కువ. కావలసిన వెచ్చదనాన్ని అదే చిన్న కొట్టులో నుంచి కరెంటు తీసి తయారు చేయాలి. ఇన్నాళ్ళూ కొసరుగా వచ్చిన సరుకు ఇప్పుడు కొనవలసి వచ్చింది.

తరుగు ఎంత?

అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ వారు 2019లో అయిదు రకాల విద్యుత్ కార్లను పరీక్షించారు. సున్నకు దిగువన 7 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో హీటరు వేయకుండా నడిపితే, నడిచే దూరం సగటున 12 శాతం తగ్గింది. హీటరు వేసి నడిపితే 41 శాతం తగ్గింది. పరీక్షించినవి కార్లే గాని పికప్‌లు కావు. అయినా ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. చలికి బ్యాటరీ మందగించడం వల్ల కలిగే నష్టం తక్కువ, మనుషుల వెచ్చదనానికి అయ్యే ఖర్చు ఎక్కువ. చలిలో అదనంగా ఖర్చయ్యే శక్తిలో మూడింట రెండు వంతులు క్యాబిన్ వేడికే పోతున్నదని అమెరికా ఇంధన శాఖ కూడ చెబుతున్నది.

పెట్రోలు బండికి చలి తరుగు లేదనుకోవడం పొరపాటు. అదే చలిలో పట్టణపు తిరుగుడుకు పెట్రోలు బండి మైలేజి 15 శాతం వరకు, మరీ దగ్గర దూరాలకైతే 24 శాతం వరకు పడిపోతుందని ఇంధన శాఖ లెక్క. అయితే పెద్ద టాంకు ఉన్నవానికి ఆ తరుగు అంతగా కనిపించదు. చిన్న కొట్టు ఉన్నవానికి ప్రతి బస్తా లెక్కలోకి వస్తుంది.

నడకకు మైలు లెక్క, వేడికి గంట లెక్క

ఈ తరుగు అందరికీ ఒకే తీరుగా పడదు. కారణం సులభం. బండి నడకకు అయ్యే ఖర్చు దూరాన్ని బట్టి ఉంటుంది. వేడికి అయ్యే ఖర్చు కాలాన్ని బట్టి ఉంటుంది.

లెక్క కోసం, బండి 100 కిలోమీటర్ల నడకకు 25 యూనిట్లు, హీటరు గంటకు 5 యూనిట్లు తీసుకుంటుందనుకుందాం. రహదారి మీద గంటలో 100 కిలోమీటర్లు పోయినవానికి 25 యూనిట్లకు 5 యూనిట్లు కలిసి 30 అవుతుంది. అంటే 20 శాతం అదనం. పట్టణంలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని అదే గంటలో 20 కిలోమీటర్లే నడిచినవానికి నడకకు 5, వేడికి 5, మొత్తం 10 యూనిట్లు. అంటే ఖర్చు రెట్టింపు. అందుచేత రోజూ నాలుగైదు చోట్ల ఆగుతూ, ప్రతి చోటా బండిని చల్లారనిచ్చి మళ్ళీ బయలుదేరే పనివానికి శాతం లెక్కన తరుగు అందరికంటే ఎక్కువగా పడుతుంది.

చల్లారిన బ్యాటరీని తిరిగి వేడి చేయడం కూడ చిన్న పని కాదు. 700 కిలోల బరువున్న బ్యాటరీని 30 డిగ్రీలు పైకి తేవాలంటే దాదాపు 6 యూనిట్లు కావాలి. ఇది ప్రయాణం ఎంత చిన్నదైనా ముందుగా చెల్లించవలసిన ఖర్చు. పైగా బ్యాటరీ చల్లగా ఉన్నంతసేపు, బ్రేకు వేసినప్పుడు తిరిగి కూడబెట్టుకునే కరెంటు కూడ సరిగా జమ కాదు.

ఈ ఖర్చు తగ్గించే సాధనాలు లేకపోలేదు. సీటును వేడి చేసే తీగలకు పాత 100 వాట్ల బల్బుకు పట్టేపాటి కరెంటు చాలును. గాలినంతటినీ వేడి చేసే బదులు కూర్చున్న మనిషిని వేడి చేయడం చవక. రెండవది హీట్ పంపు. ఇది రిఫ్రిజిరేటరు తిరగేసి పనిచేసినట్లు బయటి గాలిలోని కాస్త వేడినీ లోపలికి తోడుతుంది. ఓ మాదిరి చలిలో ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. చలి మరీ ముదిరితే దీని ఆదా తగ్గిపోతుంది. లైట్నింగ్‌కు దీనిని 2024 మోడలు నుంచి అమర్చారు. పాత బండ్లు కొనేవారు ఈ తేడా గమనించాలి.

ఇంటి చార్జింగ్

విద్యుత్ బండి రాకముందు నుంచే ఆ ప్రాంతాల వారికి చలికాలంలో బండిని ప్లగ్గుకు తగిలించడం అలవాటు. అలాస్కాలోను, కెనడా ప్రెయిరీ ప్రాంతాలలోను ఇంజను గడ్డకట్టకుండా పెట్రోలు బండ్లకు కూడ బ్లాక్ హీటరు పెట్టి, రాత్రంతా కరెంటు ఇవ్వడం దశాబ్దాల నుంచి ఉన్నది. కార్లు నిలిపే చోట్ల దీని కోసం ప్లగ్గులు పెట్టడం కూడ మామూలే.

అయితే అక్కడి మామూలు ప్లగ్గు 120 వోల్టులది. దాని నుంచి గంటకు 1.4 యూనిట్లకు మించి రావు. 131 యూనిట్ల బ్యాటరీ నిండడానికి 90 గంటలు, అంటే దాదాపు నాలుగు రోజులు పడుతుంది. రాత్రి 12 గంటలు పెడితే వచ్చేది 17 యూనిట్లు. చలికాలపు లెక్కలో అది సుమారు 40 కిలోమీటర్ల నడక. బండి ఆరుబయట ఉండి చలి తీవ్రంగా ఉంటే, ఆ వచ్చిన దానిలో కూడ చాలా భాగం బ్యాటరీని వెచ్చగా ఉంచడానికే సరిపోతుంది. పిల్ల కాలువ నీరు పొలం చేరకముందే ఇంకిపోయినట్లు.

240 వోల్టుల, 48 ఆంపియర్ల చార్జరు పెట్టిస్తే గంటకు 11.5 యూనిట్లు వస్తాయి. రాత్రి తెల్లవారేసరికి ఖాళీ బ్యాటరీ దాదాపు నిండుతుంది. ఈ ఏర్పాటుకు చార్జరు, వైరింగు కలిపి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల పైచిలుకు కావచ్చు. ఇంటి మెయిను చాలకపోతే ఇంకా ఎక్కువ. చలి దేశంలో ఇది బండి ఖరీదులో భాగంగా లెక్కవేసుకోవలసిందే తప్ప తరువాత చూసుకుందామని వదలదగిన ఖర్చు కాదు.

పెద్ద చార్జరు వల్ల ఇంకో లాభం ఉన్నది. బయలుదేరే వేళను ముందుగా బండిలో నమోదు చేస్తే, ఆ వేళకు బ్యాటరీని, క్యాబిన్‌ను గోడ నుంచి వచ్చే కరెంటుతోనే వేడి చేసి ఉంచుతుంది. పైన చెప్పిన 6 యూనిట్ల ఖర్చు అప్పుడు మీటరు మీద పడుతుంది గాని కొట్టులో సరుకు తగ్గదు. రాత్రి పూట చవక రేటు ఇచ్చే కంపెనీల వినియోగదారులు, ఆ చవక గంటలు బయలుదేరే వేళకు దగ్గరగా ముగిసేటట్లు చార్జింగ్ పెట్టుకుంటే రెండు విధాలా మేలు. చార్జింగ్ అవుతున్నప్పుడు పుట్టిన వేడి వృథా కాకుండా ప్రయాణానికి పనికివస్తుంది.

దారి పక్కన చార్జింగ్

ఇంట్లో ఏర్పాటు లేనివారి కష్టం వేరు. గడ్డకట్టే చలిలో ఉన్న లిథియం బ్యాటరీలోకి కరెంటు వేగంగా తోస్తే, లిథియం లోపలి గ్రాఫైటులోకి ఇంకక పైనే లోహపు పూతగా పేరుకుంటుంది. ఆ నష్టం తిరిగి పూడదు. అందువల్ల బండిలోని నియంత్రణ యంత్రాంగమే కరెంటును తగ్గించి తీసుకుంటుంది. చార్జరు ఎంత ఇవ్వగలిగినా, బ్యాటరీ వేడెక్కే వరకు బండి పుచ్చుకోదు. మామూలు రోజుల్లో లైట్నింగ్ 10 శాతం నుంచి 80 శాతానికి సుమారు 40 నిమిషాలలో చేరుతుంది. చల్లారిన బ్యాటరీతో వచ్చిన బండికి అంతకంటే చాలా ఎక్కువ సేపు పడుతుంది.

2024 జనవరి నడుమ షికాగోలో జరిగింది ఇదే. సున్నకు దిగువన 18 డిగ్రీలు, అంతకంటే లోతుకు చలి దిగిన రోజులలో చార్జింగ్ కేంద్రాల దగ్గర గంటల తరబడి బండ్లు బారులు తీరాయి. కొన్ని చార్జర్లు పనిచేయలేదు. వరుసలో వేచి ఉండగానే హీటరుకు కరెంటు ఖర్చయి కొన్ని బండ్లు కదలలేక నిలిచిపోయాయి. ఒక్కొక్క బండికి పట్టే సమయం పెరిగితే, ఉన్న చార్జర్లతో గంటకు తేలే బండ్ల సంఖ్య తగ్గుతుంది. చలికి ప్రతి బండికి కావలసిన కరెంటు పెరుగుతుంది. సరఫరా తగ్గిన రోజే గిరాకీ పెరగడం బజారులో ఏ సరుకుకైనా ప్రమాదమే. బ్యాటరీని దారిలోనే వేడి చేసుకుంటూ కేంద్రానికి చేరే ఏర్పాటు బండ్లలో ఉన్నది. దానిని వాడుకున్నవారికి, వాడుకోనివారికి మధ్య చాలా తేడా కనబడుతుంది.

జమాఖర్చులు

ఇక డాలర్ల లెక్క. అమెరికాలో 2024లో నివాస కరెంటు సగటు రేటు యూనిట్‌కు సుమారు 16.5 సెంట్లు. పెట్రోలు సగటు ధర గాలనుకు సుమారు 3 డాలర్ల 30 సెంట్లు, అంటే లీటరుకు 87 సెంట్లు. చార్జింగ్‌లో పోయేది కూడ కలిపి లైట్నింగ్‌కు 100 కిలోమీటర్లకు 30 యూనిట్లు కావాలి. పెట్రోలు పికప్ లీటరుకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం.

చలి లేని రోజుల్లో 100 కిలోమీటర్లకు ఇంటి కరెంటుతో 5 డాలర్లు, పెట్రోలుతో 10 డాలర్ల పావు. చలికాలంలో విద్యుత్ బండి నడిచే దూరం 40 శాతం తగ్గిందనుకుంటే 50 యూనిట్లు కావాలి. అప్పుడు ఖర్చు 8 డాలర్ల పావు. పెట్రోలు బండికి 15 శాతం తరుగు వేస్తే 12 డాలర్లు. తరుగు పోగా కూడ ఇంటి కరెంటుదే పైచెయ్యి.

వేగపు చార్జింగ్ కేంద్రాలలో యూనిట్ 50 సెంట్ల చుట్టుపట్ల ఉంటుంది. అక్కడ కొంటే మామూలు రోజుల్లోనే 100 కిలోమీటర్లకు 15 డాలర్లు, చలికాలంలో 25 డాలర్లు. పెట్రోలు కంటే రెండింతలు ఎక్కువ.

ఈ లెక్క ప్రకారం చలి నెలల్లో సమాన రేటు యూనిట్‌కు 24 సెంట్లు. అంతకు దిగువన కరెంటు దొరికితే విద్యుత్ బండిది లాభం, అంతకు పైన పెట్రోలుది లాభం. కెనడాలోని క్విబెక్‌లో జల విద్యుత్తు వల్ల ఇంటి రేటు 10 కెనడా సెంట్లకు అటూ ఇటూ ఉన్నది. అక్కడ ఎంత చలి అయినా సందేహానికి తావు లేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలో 30 సెంట్ల దరిదాపుల్లో ఉన్నది. అక్కడ చలి నెలల్లో ఇంటి చార్జింగ్ కూడ కిట్టదు. వేసవి ఆదాతో పూడ్చుకోవలసిందే. ఆయా నగరాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల వారు కూడ బండి బేరానికి ముందు చూసుకోవలసింది తమ కరెంటు బిల్లు మీది రేటు.

బరువు లాగే పని ఉన్నవారు మరో తరుగు కలుపుకోవాలి. వెనుక పెద్ద ట్రెయిలరు తగిలిస్తే నడిచే దూరం దాదాపు సగానికి పడిపోతుంది. దానికి చలి తరుగు కూడ తోడయితే 515 కిలోమీటర్ల బండి 150, 200 కిలోమీటర్లకు ఒకసారి ఆగవలసి వస్తుంది. ఆగిన ప్రతిసారీ కొనవలసింది 50 సెంట్ల కరెంటే.

లోహాల బజారు

కొనుగోలుదారు చలిలో ఎంత తరుగు భరించాలన్నది కొంతవరకు లోహాల బజారులో కూడ నిర్ణయమవుతున్నది. నికెలు ఎక్కువగా వాడే బ్యాటరీ తక్కువ బరువులో ఎక్కువ కరెంటు నిలవచేస్తుంది. చలికి కూడ కొంత మెరుగు. ఇనుము, ఫాస్ఫేటులతో చేసే బ్యాటరీ చవక, మన్నిక ఎక్కువ, కాని చలిలో చార్జింగ్ ఇంకా మందగిస్తుంది. 2022 మార్చి 8న లండను లోహ విపణిలో నికెలు టన్ను లక్ష డాలర్లు దాటడంతో వ్యాపారాన్నే ఆపివేయవలసి వచ్చింది. లిథియం కార్బొనేటు చైనాలో 2022 నవంబరులో టన్ను 6 లక్షల యువాన్ల దాకా పోయి, ఆ తరువాత ఏడాదికల్లా బాగా పడిపోయింది. ముడిసరుకుల ధరలు పెరిగాయన్న కారణం చూపుతూ ఫోర్డ్ వారు 2022 ఆగస్టులో లైట్నింగ్ ధరలు పెంచారు. సుమారు 40 వేల డాలర్లకు వచ్చిన తొలి రకం 2023 మార్చి నాటికి దాదాపు 60 వేలకు చేరింది. అదే ఏడు జూలైలో 50 వేలకు దించారు. చవక రకం బండిలో ఇనుము బ్యాటరీ పెట్టే పద్ధతిని రివియన్ వారు 2024లో చేపట్టారు. ఖరీదు తగ్గించుకున్నవారు చలికాలంలో కొంత ఓర్పు వహించవలసి ఉంటుంది.

కంపెనీల వెనుకంజ

2025 సెప్టెంబరులో రామ్ కంపెనీ పూర్తి విద్యుత్ పికప్ ఆలోచనను విరమించుకున్నది. ఆ నెలాఖరుతో కొత్త విద్యుత్ బండ్లపై అమెరికా ప్రభుత్వం ఇస్తూ వచ్చిన 7,500 డాలర్ల పన్ను రాయితీ ముగిసింది. 2025 డిసెంబరులో ఫోర్డ్ వారు పూర్తి విద్యుత్ లైట్నింగ్ తయారీని ముగిస్తున్నట్లు ప్రకటించి, విద్యుత్ వాహనాల వ్యాపారంలో 1,950 కోట్ల డాలర్ల నష్టాన్ని పద్దు రాసుకున్నారు. గిరాకీ అనుకున్నంత లేకపోవడం, తయారీ ఖర్చు, ప్రభుత్వ విధానంలో మార్పు ఇందుకు కారణాలు. రాబోయే లైట్నింగ్‌లో చక్రాలను మోటార్లే తిప్పుతాయి గాని, బ్యాటరీ తగ్గినప్పుడు కరెంటు పుట్టించడానికి పెట్రోలు జనరేటరు కూడ ఉంటుందని చెప్పారు. అంటే విద్యుత్ బండిలోకి చిన్న పెట్రోలు టాంకు తిరిగి వస్తున్నది. దూర ప్రయాణాల్లో చలి తరుగు బెంగ దానితో తీరవచ్చు.

చలి ఒక్కటే ఈ వ్యాపారాన్ని దెబ్బతీసిందనడానికి లేదు. నార్వే మంచుదేశమే అయినా 2024లో అక్కడ అమ్మిన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తి విద్యుత్ బండ్లు. అక్కడ పెట్రోలు కార్లపై పన్నుల భారం ఎక్కువ, చాలామందికి ఇంటి దగ్గరే చార్జరు ఉన్నది, దారుల మీద చార్జర్లు విస్తారంగా ఉన్నాయి.

తయారీ ఆగినా ఇప్పటికే అమ్ముడైన లైట్నింగ్ బండ్లు పాత బండ్ల బజారులో చేతులు మారుతూనే ఉంటాయి. చలి ప్రాంతంలో అటువంటి బండి బేరమాడేవారు మూడు విషయాలు చూసుకోవాలి. ఇంటి దగ్గర 240 వోల్టుల చార్జరుకు వీలున్నదా? యూనిట్ రేటు 24 సెంట్లకు లోపల ఉన్నదా? రోజువారీ తిరుగుడు, చలి తరుగు పోగా మిగిలే దూరంలో సగానికి మించకుండా ఉన్నదా? మూడింటికీ అవునన్న జవాబు వస్తే చలికాలం వల్ల బేరం చెడదు. మొదటిదానికే లేదన్న జవాబు వస్తే, బండి ఎంత చవకగా వచ్చినా ఆ ఆదా రెండు మూడు చలికాలాలలో దారి పక్క చార్జర్లకే కరిగిపోయే అవకాశం ఉన్నది.